బొటనవేలు పైకెత్తితే

"దీంట్లో గాలి నింపను," అంది డైవింగ్ సామాన్ల షాపులో అమ్మాయి, నా సిలిండర్ వంక పుచ్చు వంకాయని చూసినట్టు చూస్తూ.

"గాలి ఎవరడిగారండీ? ఆక్సిజన్ నింపండి."

"ఆక్సిజన్ కావాలంటే ఆస్పత్రికెళ్ళండి. సముద్రంలో దిగేవాళ్ళకి మేం నింపేది మామూలు గాలే. కాకపోతే బాగా కుక్కి నింపుతాం."

మొదటి మాటకే నా గాలి తీసేసింది. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. డైవింగ్ క్లబ్బులో కొత్తగా చేరాను. ఈత కొలనులో ట్రైనింగ్ అయిపోయింది, శనివారం మొదటిసారి సముద్రంలో దిగాలి. సొంత సిలిండర్ ఉంటేనే పడవలో చోటిస్తామన్నారు. అందుకే ఎక్కడో చవగ్గా దొరికిందని, నిగనిగలాడే ఈ పసుపు పచ్చదాన్ని కొని, దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను.

"ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో టెస్ట్ చేయించిన తేదీ మెడ దగ్గర చెక్కి ఉండాలి," అంటూ అక్కడి రంగుని గోటితో గీకింది. "ఉంది. కానీ ఎప్పటిదో. అందుకే రంగేసి దాచారు."

"మీరు కావాలని నా బేరం చెడగొడుతున్నారు."

ఆమె వాల్వు విప్పి లోపలికి సన్నటి లైటు దించి, చూడమన్నట్టు పక్కకి జరిగింది. లోపలంతా తుప్పే.

"పైన పటారం, లోన లొటారం," అన్నాను నీరసంగా.

ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూశాక డబ్బులు పోయిన బాధ ఎటు పోయిందో తెలీదు.

"శనివారం మీరూ వస్తారా?" అని అడిగాను.

"కొత్తవాళ్ళకి జోడీగా దిగేది నేనే."

ఇంకేముంది, ఆ పడవలో చోటు దొరక్కపోతే నేను బతికి లాభం లేదనిపించింది. "కొత్తది కొనే స్తోమత లేదండీ," అన్నాను.

"కొత్తదే కొనమని ఎవరన్నారు?"

వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ వాళ్ళ నాన్న, అందరూ కెప్టెన్ అని పిలిచే పెద్దమనిషి, సిలిండర్లలో గాలి నింపుతున్నాడు. మూలనుంచి ఒంటినిండా గీతలున్న బూడిద రంగు సిలిండర్‌ని దొర్లించుకొచ్చింది.

"అల్యూమినియం. మీ ఉక్కుదానిలా తుప్పు పట్టదు, చవక కూడా. ఈమధ్యే టెస్ట్ పాసయింది, ఇదిగో తేదీ."

"చూడ్డానికి బాలేదు కదండీ."

"మీ వీపు మీద ఉంటుంది, మీకెలాగూ కనపడదు. కనపడేది నాకు. నేను సర్దుకుపోతాలెండి." ఆ మాటంటూ తల వంచుకుని వాల్వు తుడిచింది. "ఒక్కటే చిక్కు. గాలి అయిపోయేకొద్దీ ఇది తేలుతుంది. నడుముకి ఇంకో సీసం ముక్క కట్టుకోవాలి."

"ఖాళీ బుర్రతో తేలడం నాకలవాటేనండీ."

"అదీ గమనించాను."

"అమ్మాయ్," అన్నాడు కెప్టెన్ వెనక్కి తిరక్కుండానే, "సిలిండర్ చూపిస్తున్నావా, సంబంధం చూసుకుంటున్నావా?"

ఇద్దరం చెరో గోడ వైపు తిరిగాం.

శనివారం రానే వచ్చింది. నీళ్ళలోకి దిగగానే వెలుగంతా ఆకుపచ్చగా మారింది. నా బుడగలు, ఆమె బుడగలు కలిసి పైకి పోతున్నాయి. ఆమె వేలితో తనని చూపించుకుంది, నన్ను చూపించింది, రెండు చూపుడువేళ్ళూ పక్కపక్కన చేర్చింది. నా గుండె ఆగినంత పనైంది. ఉన్న సంతోషమంతా కూడగట్టుకుని బొటనవేలు పైకెత్తాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. గబుక్కున నా చెయ్యి పట్టుకుని, మెల్లమెల్లగా పైకి తీసుకొచ్చేసింది.

"ఏమైంది? గాలి అందట్లేదా? చెవులు నొప్పా?" అని కంగారుగా అడిగింది.

"ఏం కాలేదు. సరే అన్నాను, అంతే."

"సరే అంటే ఇలా," అంటూ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టింది. "బొటనవేలు ఎత్తితే పైకి పోదామని. రోజంతా లిఫ్టుల్ని పైకీ కిందకీ తిప్పే మనిషికి, పైకి అనే గుర్తే తెలీదా?"

"కొలనులో నేర్పారు. నిన్ను చూస్తే మర్చిపోయాను."

అల మీద ఊగుతూ నా దగ్గరికి జరిగింది. "ఇంతకీ దేనికి సరే అన్నావు?"

"నీ పక్కనే ఉండమన్నావుగా."

"డైవ్ అయ్యేవరకూ అన్నాను."

"నీళ్ళలో ఆ ముక్క వినపడలేదు. నువ్వంటే నాకిష్టం. ఆ తుప్పు చూపించి నవ్వావే, అప్పట్నుంచీ."

మాస్కు నుదుటి మీదకి తోసి, నన్ను సూటిగా చూసింది. "నాకు అంతకంటే ముందునుంచే. ఆక్సిజన్ అడిగావే, అప్పట్నుంచీ."

"ఏమర్రా, దిగీ దిగగానే తేలారు?" పడవలోంచి కెప్టెన్ కేకేశాడు.

"నాన్నా, ఇతను ఎప్పటికీ నాకు జోడీగా ఉంటాడట."

కెప్టెన్ నన్ను చూశాడు, నా వీపు మీది బూడిద రంగు సిలిండర్‌ని చూశాడు, బొటనవేలు పైకెత్తాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పైకి వచ్చెయ్యమంటున్నారు. అయిపోయింది నా పని."

"పిచ్చివాడా," అంది నా చెయ్యి వదలకుండా. "ఆ అర్థం నీళ్ళ కిందే. నాన్న పైనున్నాడుగా. అక్కడ బొటనవేలెత్తితే సరేననే."

ఈసారి నేను సున్నా చుట్టాను. ఇద్దరం మళ్ళీ కిందకి దిగాం.