ఐదో స్లాట్‌లో రాగసుధ

"సాయంత్రంలోగా ఒక ఆటబొమ్మ దొరక్కపోతే రాగసుధను చంపేస్తారు," అంది బాలత్రిపురసుందరి.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు బాస్ ఆవిడ; మాటకు ముందూ వెనకా ఏమీ ఉండవు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ రఘురామ్ మోకాలు మాత్రం టేబుల్ కింద కుట్టుమిషన్‌లా ఆడుతూనే ఉంది. అతనికి ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు.

"ఆటబొమ్మ అంటే, మేడం?"

"చేతిలో పట్టుకుని పాత వీడియో గేములు ఆడుకునే డబ్బా. మన చిన్నప్పుడు టీవీకి తగిలించుకున్న కన్సోల్ ఉండేది కదా, ఇది లోపల దాని వేషం వేస్తుందట. ఎమ్యులేటర్ అంటున్నారు."

రఘురామ్‌కు తెలుసు. అలాంటిది అతని బ్యాగులోనే ఒకటి ఉంది. కానీ ఆ సంగతి బాస్‌కు చెప్పుకునే సంగతి కాదు.

బ్రీఫింగ్ చకచకా సాగింది. సరిహద్దు అవతలి ముఠా ఒకటి హైదరాబాద్‌లో పాగా వేసింది. కంచన్‌బాగ్ రక్షణ లాబుల్లోని లోహాల రహస్యాలు వాళ్ళ గురి. ఇక్కడి నాయకుడు దీక్షిత్, పైకి ముత్యాల వ్యాపారి. అతని కుడిభుజం రాగసుధ. పార్టీల్లో ఆమె నవ్వితే పెద్ద పెద్దవాళ్ళు మాట మరిచిపోతారు. ఆ రాగసుధ నిజానికి మన మనిషి. ఆ విషయం తెలిసినవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో కంచన్‌బాగ్ భద్రత చూసే శ్రీరామమూర్తి ఒకడు.

"ఆ శ్రీరామమూర్తే అమ్ముడుపోయాడు," అంది ఆవిడ. "ఆమె పేరును ఆ డబ్బాలో దాచి శాలిబండలో ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాడు. పొద్దున పట్టుకుంటే కొంత కక్కాడు. ఐదో స్లాట్, హైస్కోర్ల పట్టీ అన్నాడు. పేరు ఎలా రాశాడో చెప్పేలోపు గుండె పట్టుకుని పడిపోయాడు. ఐసీయూలో ఉన్నాడు."

"డబ్బా ఎత్తుకొచ్చేస్తాను."

"వద్దు. మాయమైతే తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ మీద అనుమానం వస్తుంది. బేరం తెగింది నిన్నే. సాయంత్రం వచ్చేది దీక్షిత్, వెంట రాగసుధ."

"ఆమెకు తెలుసా, తన చావు తనే తెచ్చుకోబోతోందని?"

"తెలీదు. ఆమె నుంచి మనకు మెసేజ్ వస్తుంది తప్ప మన నుంచి ఆమెకు వెళ్ళే దారి లేదు. నీ మొహం కూడా ఆమె ఎరగదు. డబ్బా వాళ్ళ చేతికే వెళ్ళాలి. అందులో పేరు ఉండకూడదు. అరెస్టులు వద్దు, అసలు తలకాయ ఇంకా అవతలే ఉంది. వెళ్ళు."

'పురుషోత్తం అండ్ సన్స్' అని బోర్డు ఉంది గానీ ఆ సన్స్ ఎవరూ ఆ గుమ్మం తొక్కిన దాఖలా లేదు. తాతల నాడు గ్రామఫోన్లు బాగుచేసిన దుకాణం. తర్వాత రేడియోలు, టీవీలు వచ్చాయి. ఇప్పుడు గోడ నిండా గేము డబ్బాలే, అన్నీ ఒకే బూడిద రంగు. ఇన్‌స్పెక్టర్ ఒకాయన ముందే ఫోన్ చేసి ఉంచడంతో పురుషోత్తం ఏమీ అడగలేదు.

"గీ పోలీసు లొల్లి నాకెందుకన్నా. మెకానిక్ లెక్క కూసో."

రఘురామ్ కంటికి మెకానిక్ భూతద్దం తగిలించుకున్నాడు. దాని పట్టీలో డిపార్ట్‌మెంట్ వాళ్ళు చిన్న స్పీకరూ మైకూ అమర్చారు.

"కంచన్‌బాగ్ వైపు నుంచి ఒకాయన డబ్బా ఇచ్చి వెళ్ళాడటండీ?"

"హౌ, అద్దాలాయన. రిపేరు గిట్ల ఏం లేదన్నా. 'కార్ట్రిజ్ ఊది పెట్టిండ్రా' అని అడిగినోళ్ళకే ఇయ్యమన్నడు. గది పాత కన్సోల్‌ల పెట్టే గేము బిళ్ళ, గీ డబ్బాలకు కార్ట్రిజ్ ఏడుంటది? నవ్వుకున్న."

"ఎప్పుడిచ్చాడు?"

"పర్సోం."

రఘురామ్ కాకినాడలో పెరిగినవాడు. హిందీ పరీక్షలు రాష్ట్రభాష దాకా ఫస్ట్ క్లాసులో పాసైనవాడు. పర్సోం అంటే మొన్న. ఇంకెవరినీ అడగక్కర్లేదు.

కింది అరలో ఈ వారం సరుకు. చీటీల మీద తేదీలు చూస్తే మొన్న వచ్చిన డబ్బా అక్కడ ఒక్కటే ఉంది. ఆన్ చేసి ఐదో స్లాట్ తెరిచాడు. సేవ్ స్టేట్ అంటే ఆట ఎక్కడుందో అక్కడికక్కడ గడ్డకట్టించి దాచుకోవడం; అలా దాచుకునే అరే స్లాట్. తెరవగానే పాత కార్ల రేసు, దాని హైస్కోర్ల పట్టీ వచ్చాయి. వరసకు మూడేసి ఇంగ్లీషు అక్షరాలు, అన్నిట్లోనూ ఎన్.జి.ఎమ్. మళ్ళీ ఎన్.జి.ఎమ్.

"సంకేతాన్ని మళ్ళీ సంకేతంలో పెట్టాడు, గడుసు పిండం," అనుకున్నాడు. ఆటను మొదటి నుంచి మొదలుపెట్టి, సెలెక్ట్ బటన్ పట్టుకుని పైన కుడి బటన్ రెండుసార్లు నొక్కాడు. అది సేవ్. ఎడమదైతే లోడ్. పాతదాని మీద కొత్తది పడింది. ఎన్.జి.ఎమ్. లు గల్లంతయ్యాయి.

"మేడం, పనైపోయింది," అన్నాడు మెల్లగా.

అబ్బ, ఎంత సులువుగా అయిందో అనుకుంటూ చాయ్ గ్లాసు అందుకున్నాడు. అప్పుడే నాగమణమ్మ వచ్చింది. పక్క గల్లీ మనిషి, నోట్లో తమలపాకు, చేతిలో కూరగాయల సంచి.

"పురుషోత్తం భాయ్, నా డబ్బా అయిందా?"

పురుషోత్తం కింది అరలోంచి సరిగ్గా ఆ డబ్బానే తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఈడనే చూస్కో అమ్మా. గడప దాటినంక నా జిమ్మేదారి లేదు."

అది ఆ దుకాణం కట్టుబాటు. ఆవిడ ఆన్ చేసింది, చూసింది, కళ్ళు పెద్దవి చేసింది.

"ఏందిది? నా నంబర్లన్నీ ఏడ పోయినయ్? నా పేరు ఎన్.జి.ఎమ్. అని కొట్టుకున్న గదా."

రఘురామ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పురుషోత్తాన్ని పక్కకు లాగాడు.

"కంచన్‌బాగ్ ఆయనది పర్సోం అన్నారు కదండీ?"

"హౌ, పర్సోమే. ఎండకాలంల."

"ఎండాకాలమా? పర్సోం అంటే మొన్న కాదా?"

"మొన్నకు మొన్న అంటం గదన్నా. పర్సోం అంటే పర్సోం. ఎప్పుడో. మా నాయిన దుకాన్ తెరిచింది గూడ పర్సోమే."

రాష్ట్రభాష ఫస్ట్ క్లాసు సర్టిఫికెట్‌ను అక్కడికక్కడే చింపి పారేయాలనిపించింది రఘురామ్‌కు. "ఆయనది ఎక్కడుంది?" అని అడిగేలోపు గుమ్మం దగ్గర నీడ పడింది.

తెల్ల కుర్తా, వేలికి ముత్యపు ఉంగరం. దీక్షిత్. వెనకే మబ్బురంగు చీర, నల్ల కళ్ళద్దాలు. రాగసుధ. వీధిలో కొన్ని సెకండ్ల పాటు హారన్లు కూడా ఆగినట్టనిపించింది.

"కార్ట్రిజ్ ఊది పెట్టారా?" అన్నాడు దీక్షిత్.

పురుషోత్తం స్టూలెక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా తీసి అతని చేతిలో పెట్టాడు. అంతే. దీక్షిత్ అప్పుడే వెనక్కి తిరుగుతున్నాడు. రాగసుధ అతనికి దారి ఇస్తూ నవ్వింది. ఆ నవ్వు చూడగానే రఘురామ్‌కు తట్టింది. ఇంకాసేపట్లో ఆమె కారులో కూర్చుని తన పేరు తనే చదువుకుంటుంది, పక్కన వీడు ఉంటాడు.

"సార్," అన్నాడు రఘురామ్. "ఇక్కడే ఆన్ చేసి చూసుకోండి. గడప దాటితే మాకు జిమ్మేదారి లేదు."

దీక్షిత్ తల్లిని కూడా నమ్మని రకం. ఆగాడు. ఫోన్ తీసి వీడియో కాల్ కలిపి తెరకేసి పట్టాడు. అవతలి మొహం కనిపించలేదు, గొంతు మాత్రమే వినిపించింది.

"ఐదో స్లాట్ లోడ్ చెయ్," అన్నాడు దీక్షిత్, డబ్బా రఘురామ్ చేతికిస్తూ.

రఘురామ్ ఆట మొదలుపెట్టాడు. ఖాళీ హైస్కోర్ల పట్టీ వచ్చింది. స్లాట్ నంబరు ఐదుకు తెచ్చాడు. సెలెక్ట్ పట్టుకున్నాడు. కుడి బటన్ నొక్కాడు. మూలన వచ్చే చిన్న పసుపు అక్షరాలను బొటనవేలితో కప్పాడు.

ఒక్కసారి చాలదని అతనికి తెలుసు. ఈ ఎమ్యులేటర్లు దొంగబుద్ధివి, చెరిపేసిన ఆఖరి సేవ్‌ను కడుపులో దాచుకుంటాయి. రెండోసారి కూడా సేవ్ చేస్తే ఆ దాచుకున్నదీ పోతుంది. వేలు కదిలింది. సరిగ్గా అప్పుడే "ఎంతసేపయ్యా?" అని దీక్షిత్ భుజం మీద చరిచాడు.

నొక్కానా? నొక్కలేదా?

మళ్ళీ కుడివైపు వెళ్ళే వీల్లేదు, దీక్షిత్ కళ్ళు వేళ్ళ మీదే ఉన్నాయి. ఎడమ బటన్ నొక్కాడు. లోడ్. పట్టీ నిండా ఏ, ఏ, ఏ. కొత్త ఆటలో ఉండే ఖాళీ పేర్లు.

"ఏమిటిది?" దీక్షిత్ గొంతు మారింది.

"నీది గూడ పోయిందా సారూ?" అని మూలనుంచి నాగమణమ్మ లేచింది. "గీ కొత్త మెకానికే. నాది గూడ గిట్లనే చెరిపేసిండు."

దీక్షిత్ చెయ్యి కుర్తా జేబులోకి పోయింది. ఫోన్‌లోని గొంతు మాత్రం తాపీగానే ఉంది.

"కంగారు పడకు. మెనూలో 'అన్‌డూ సేవ్' అని ఉంటుంది. ఎవరైనా పైన రాసేసి ఉంటే పాతది తిరిగొస్తుంది. నువ్వే నొక్కు."

దీక్షిత్ డబ్బా లాక్కున్నాడు. తడుముకుంటూ మెనూ తెరిచాడు. పక్కన రాగసుధ కూడా వంగి చూస్తోంది, ఆమె ఊపిరికి తెర మసకబారేంత దగ్గరగా. ఒక్కసారే నొక్కి ఉంటే ఈ అమ్మాయి ఈ గుమ్మం ప్రాణాలతో దాటదు. జన్మలో దేవుడిని అడగని రఘురామ్ అడిగాడు, రెండోసారి నొక్కి ఉండాలి స్వామీ అని.

అన్‌డూ. లోడ్.

ఏ, ఏ, ఏ.

"ఆ పట్టీ మొదటి నుంచీ ఖాళీయే. శ్రీరామమూర్తి మనకు టోపీ పెట్టాడు. వచ్చెయ్," అంది ఫోన్‌లోని గొంతు.

దీక్షిత్ డబ్బాను కౌంటర్ మీదకు విసిరి బూతు ఒకటి మింగుకుంటూ వెళ్ళిపోయాడు. రాగసుధ నల్లద్దాలు సర్దుకుని, రఘురామ్‌ను ఎగాదిగా చూసి, అతని వెనకే వెళ్ళింది. కారు తలుపు పడ్డ చప్పుడు వినిపించాక గానీ రఘురామ్ స్టూలు మీద కూలబడలేదు.

"మళ్ళ మొదటికెల్లి ఆడాలె," అని నాగమణమ్మ గొణుగుతూ తన డబ్బా సంచిలో వేసుకుంది. అతను ఆవిడ వైపు చూడలేకపోయాడు.

చార్మినార్ వైపు బస్సులు కిక్కిరిసి పోతున్న వేళ, భూతద్దం పట్టీలో బాలత్రిపురసుందరి గొంతు వచ్చింది.

"రాగసుధ మెసేజ్ పంపింది. క్షేమంగా ఉంది. ఒక ఫిర్యాదు చేసింది."

"ఎవరి మీద మేడం?"

"శాలిబండ దుకాణంలో కొత్త మెకానిక్ మీద. వాడు ఎవరి మనిషో తేల్చమంటోంది. దీక్షిత్ లోడ్ చేయమంటే సేవ్ నొక్కాడట. తను చూసి కూడా నోరు మెదపలేదట."

రఘురామ్ పట్టీని చెవికి దగ్గరగా జరుపుకున్నాడు. "ఎన్నిసార్లు నొక్కాడని రాసింది, మేడం?"

"రెండుసార్లు."

అయితే రెండోసారీ నొక్కాడన్నమాట; ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రెండూ పురుషోత్తానికి కనబడకుండా భూతద్దం తుడుచుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

"విచారణ మొదలుపెట్టాను," అంది బాస్. "ఎందుకు నొక్కావు? ఆమెకు జవాబు పంపలేను గానీ, రికార్డుకు ఏదో ఒకటి రాయాలి."

"చేతి దురద అని రాయండి, మేడం."