చేరాక విప్పే ముడి

“కందులు ఎండినయా?”

“ఎండినయి. గోనెసంచులే దొరుకతలేవు.”

కోడ్ సరిపోయింది. నారాయణఖేడ్ కాలేజీ గ్రౌండ్‌లో సైన్స్ మేళాకు మైక్‌సెట్ పెట్టిన మనిషి వైరు చుట్టడం ఆపి తలెత్తాడు. మాసిన చొక్కా, చెవి వెనక టెస్టర్. ఏజెంట్ అంజద్‌ను ఆ వేషంలో కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

ఎదురుగా డాక్టర్ లిదియా. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర. ఖేడ్ దుమ్ము కూడా ఆమె చెప్పుల దగ్గరికొచ్చి మర్యాదగా ఆగిపోయింది. పైకి ఆమె విదేశీ ల్యాబ్‌ల ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్. లోపల ‘నీలిగద్ద’ ముఠా మనిషి. ఇంకా లోపల, అంజద్ డిపార్ట్‌మెంటుకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్. అంతకన్నా లోపల ఏముందో అడగాలని ఎవరికీ తోచలేదు.

“ఆరుగురిని సెలెక్ట్ చేశాను. మధ్యాహ్నం వ్యాన్. బీదర్ అవతల ప్రైవేట్ ఎయిర్‌స్ట్రిప్. మీ టీమ్ అక్కడ ఉండాలి” అంది లిదియా.

“ఇక్కడే వ్యాన్ ఆపితే?”

“డ్రైవర్ దొరుకుతాడు. ముఠా బాస్ ఎగిరిపోతాడు. మీ ఇష్టం.”

చీఫ్ ప్రేమదాసు హైదరాబాద్ నుంచి ఓకే అన్నాడు. నీలిగద్ద పద్ధతి డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. చిన్న ఊళ్ళ సైన్స్ మేళాల్లో తెలివైన పిల్లలను ఏరడం, సమ్మర్ ఇంటర్న్‌షిప్ అనడం, దేశం దాటించి పాస్‌పోర్టులు లాక్కోవడం. ఆ తర్వాత ముళ్ళకంచె వెనక రోజంతా ఆన్‌లైన్ మోసాలు చేయించడం. పోయిన పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు.

ఫస్ట్ ప్రైజ్ మిస్బాది. బీఎస్సీ పిల్ల. పురుగు పట్టకుండా కందుల గోదాముల్లో పెట్టే మందుబిళ్ళల గ్యాస్ లీకైతే కూతపెట్టే ఎర్ర డబ్బా ఆమె తయారుచేసింది. వాళ్ళ నాన్న సత్తార్ హమాలీగా పనిచేస్తూ ఆ గ్యాస్‌కే పోయాడు. ఆ డబ్బా కూతకు అంజద్ మైక్‌సెట్ రెండుసార్లు మూగబోయింది కూడా.

బయలుదేరే ముందు తల్లి రబియా బీ కూతురి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం పోయేవాళ్ళ చేతికి దువా చదివి కట్టే పచ్చగుడ్డ అది, లోపల ఒక బిళ్ళ కుట్టి ఉంటుంది. మేళాలో పరిచయం పెంచుకుని, దర్గా నుంచి తెచ్చానని చెప్పి దాన్ని ఇచ్చింది అంజదే. అందులో రూపాయి బిళ్ళతో పాటు అంతే సైజు ట్రాకర్ కూడా ఉంది.

“బేటా, నీ మాట మీదనే తోలుతున్న. పిల్ల పైలమేనా?” అంది రబియా బీ.

“పైలమే, ఖాలా.”

ఎన్నో అబద్ధాలు అలవోకగా ఆడిన నోరు. ఈ ఒక్కటి చెప్పాక మాత్రం ఆమె వైపు చూడకుండా వైరు చుట్టసాగాడు.

వ్యాన్ కనిపించనంత వెనకగా అంజద్ బైక్ నడిపాడు. ఫోన్ స్క్రీన్ మీద ఎర్రచుక్క మనూర్ దాటింది, నాగల్‌గిద్ద దాటింది. కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి నేరుగా అతనికే ఎదురు రాసాగింది!

ఎదురొచ్చింది వ్యాన్ కాదు. షేర్ ఆటో. వెనక సీట్లో ఒక ముసలి ఫకీరు, ఒళ్ళో సత్తు గిన్నె, గిన్నెలో పచ్చగుడ్డ.

అంజద్ బైక్ అడ్డం పెట్టి ఆటో ఆపాడు.

“బాబా, గిది యాడిది?”

“పాత కందుల గోదాం కాడ వ్యాన్ ఆగింది. ఒక బిడ్డ దిగి గిన్నెల ఏసింది. దువా చెయ్యమన్నది.”

ఫోన్ మోగింది. ప్రేమదాసు. “లిదియా మెసేజ్. వ్యాన్ బోర్డర్ దాటింది. ఫ్లైట్ ఇంజన్ ఆన్ చేశారట. వెంటనే బీదర్ వెళ్ళు.”

“సార్, పిల్ల ఇమామ్ జామిన్ తీసేసింది.”

“చెయ్యి నొప్పి పుట్టి తీసుంటుంది. బీదర్ వెళ్ళు. దిసీజ్ యాన్ ఆర్డర్!”

బీదర్ పోతే గోదాం చేయి జారుతుంది, గోదాంకు పోతే ఫ్లైట్. రెంటికీ టైమ్ లేదు. ‘యా అల్లా, ఆ తల్లికి నా మొహం ఎట్ల చూపెట్టాలె!’ అంజద్ పచ్చగుడ్డ వంక చూశాడు. దువా ముడి దారి మధ్యలో ఎవరూ విప్పరు. చెయ్యి తెగిపోతున్నా విప్పరు. క్షేమంగా చేరాకే విప్పుతారు, లోపలి బిళ్ళ బీదలకు ఖైరాత్ చేస్తారు. మిస్బా విప్పిందంటే, చేరుకున్నామని ఆమెకు ఎవరో చెప్పారు!

“సారీ సార్. వాళ్ళు గోదాంలనే ఉన్నరు. లోకల్ పోలీసుల్ని జల్దీ పంపుండ్రి” అని ఫోన్ పెట్టేశాడు.

గోదాం ముందు లారీ. హమాలీలు సంచులు పేరుస్తున్నారు, మధ్యలో మనుషులు పట్టేంత ఖాళీ వదిలి. లోపల కుర్చీల్లో ఆరుగురు పిల్లలు, చేతుల్లో జ్యూస్ గ్లాసులు.

“వెల్‌కమ్ టు ద ట్రాన్సిట్ ల్యాబ్. చీర్స్!” అంటోంది లిదియా.

మిస్బా గ్లాసు పెదాలకు ఆనింది.

“తాగొద్దు!” గుమ్మంలోంచి అంజద్ అరిచాడు.

గ్లాసులు గాలిలో ఆగాయి. లిదియా పట్టుకొంగు చాటు నుంచి పిస్టల్ బయటికొచ్చింది.

“మీరు బీదర్‌లో ఉండాలి కదా, అంజద్?”

“ముడి దగ్గర తప్పు చేసినవ్, మేడం. చేరినమని చెప్పకుండా ఉండాల్సింది.”

ఆమెకు అర్థం కాలేదు. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

“మిస్బా! నీ డబ్బా నొక్కు!”

ఒళ్ళో ఉన్న ఎర్ర డబ్బా మీద మిస్బా వేలు పడింది. గోదాం రేకులు అదిరేలా కూత. “గ్యాస్!” అని ఒక హమాలీ అరిచాడు. సంచులు వదిలి అందరూ తలుపు మీద పడ్డారు. అక్కడున్న ముఠా గార్డులు వాళ్ళ కాళ్ళ కింద నలిగారు. లిదియా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అంజద్‌కు ఆ రెప్పపాటు చాలు. పిస్టల్ కందుల్లో పడింది, దాని వెనకే ఆమె నల్లకళ్ళద్దాలు.

పోలీస్ సైరన్ దగ్గరవుతోంది. మిస్బా డబ్బా కూత ఆపి అడిగింది.

“అంటే, ల్యాబ్ లేదా భయ్యా?”

అంజద్ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

పొద్దుగూకే వేళకు పిల్లను గుమ్మంలో దింపాడు. అంతా విన్న రబియా బీ మిస్బాను గుండెకు అదుముకుని అతని వైపు తిరిగింది.

“నా బిడ్డ చేతికి కట్టిచ్చింది దువానా, మిషినా?”

“రెండూ, ఖాలా. మిషిన్ మోసం చేసింది. దువా జాడ చూపెట్టింది. గుస్తాఖీ మాఫ్ చెయ్యి.”

ఆమె లోపలికి పోయి పచ్చగుడ్డ ముక్క తెచ్చి అతని జబ్బకు గట్టిగా ముడి వేసింది.

“నీ ఇంటికి చేరినంకనే విప్పు” అంది.

ఇక ఆ ఖరీదైన ట్రాకర్ సంగతి. ఫకీరుకు ఖైరాత్ ఇచ్చింది తిరిగి అడగడం తన వల్ల కాదని అంజద్ తేల్చేశాడు. అందుకే హెడ్‌క్వార్టర్స్ స్క్రీన్ మీద ఇప్పటికీ ఒక ఎర్రచుక్క దర్గా నుంచి దర్గాకు తిరుగుతూనే ఉంది. కొత్తగా చేరిన ఆఫీసరొకడు మాత్రం ఆ చుక్క ఎవరో ఏజెంటనుకుని, అంత నిష్ఠగా డ్యూటీ చేసేవాడు డిపార్ట్‌మెంటులో లేడంటాడు.