ఏడో బోర్డు మీద పరాయి చిప్

బోర్డులు పరీక్షించే ఇంజనీరును పొద్దున ఎనిమిదింటికి ఫ్యాక్టరీ గేటు ముందే లారీ గుద్ది చంపింది. డ్రైవరు దొరకలేదు.

తొమ్మిదింటికి చీఫ్ ఏజెంట్ నైన్‌ను పిలిచాడు.

"రాడార్ బోర్డులు ఎనిమిది. ఒకదాని మీద శత్రువుల చిప్ ఉంది. అది ఏదో కనిపెట్టినందుకే ఇంజనీరు పోయాడు. పన్నెండింటికి బోర్డులు ఎయిర్‌పోర్టుకి బయల్దేరతాయి. అక్కడ స్విచ్ వేస్తే రాడార్‌కి కళ్లు పోతాయి. దిగే విమానాల గతి నీకు చెప్పక్కర్లేదు."

"బోర్డుల లారీని ఆపేస్తే?"

"చిప్ పెట్టించిన ముఠా జారుకుంటుంది. చిప్ పీకెయ్. బోర్డు మాత్రం చెడకూడదు, వేరేది లేదు. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్, 'చెమ్మ తగిలిందా?' జవాబు, 'ఎండబెట్టాను'."

పదిన్నరకల్లా నైన్ బోర్డులు బాగుచేసే టెక్నీషియన్ వేషంలో బెంచీ ముందున్నాడు. నీలం కోటు, ఫ్రేములో మైక్రోఫోన్ దాచిన దళసరి కళ్లద్దాలు.

"చెమ్మ తగిలిందా?"

వెనక్కి తిరిగాడు. ముత్యాల దిద్దులు, ఎర్రటి పెదాలు, మెడలో ఇన్‌స్పెక్షన్ హెడ్ కార్డు. అతని వదిన! అన్న కూడా ఈ గూఢచారి డిపార్ట్‌మెంటే. ఐదేళ్ల క్రితం సరిహద్దు దాటి వెళ్లి తిరిగి రాలేదు.

"ఎండబెట్టాను... వదినా, నువ్వా?"

"కబుర్లు తర్వాత. మూడో బోర్డు చూడు."

మూడోదానితో అరగంట పోయింది. లోపమేమీ లేదు. మిగతావి వరసగా చూస్తూ ఏడోదాని దగ్గర ఆగాడు. అన్నిటి మీదా టంకం పెట్టినప్పటి ఫ్లక్స్ జిడ్డు పల్చగా, పసుపుగా ఉంది. దీని ఒక మూల మాత్రం కడిగిన ముత్యంలా మెరుస్తోంది. ఎవరో చిప్ మార్చి స్పిరిట్‌తో తుడిచారు.

"దాన్ని వదిలెయ్," అంది వదిన. ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

పదకొండున్నర. నైన్ రాగి అల్లిక టేపును చిప్ కాళ్ల మీద పరిచి, వేడి ఐరన్ ఆనించాడు. కరిగిన టంకాన్ని రాగి పీల్చుకుంది.

"ఎందుకు, వదినా?"

"మీ అన్న శవాన్నైనా తెచ్చివ్వలేదు మీవాళ్లు. గుర్తుపట్టమని ఒక చెప్పు పంపారు. ఒక్క చెప్పు! అదీ ఆయనది కాదు."

ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"విమానాల్లో వచ్చేవాళ్లకీ ఇంటి దగ్గర ఎవరో ఎదురుచూస్తుంటారు వదినా. కాల్చాలంటే కాల్చు. కానీ తొందరపెట్టకు. గట్టిగా లాగితే కింద రాగి గీత ఊడొస్తుంది."

పిస్టల్ మెడకు చల్లగా తగిలింది. ఇంకా నాలుగు కాళ్లు. రెండు. ఆఖరిది ఊడింది.

పిస్టల్ బెంచీ మీదకు చేరింది. వదిన హ్యాండ్‌బ్యాగ్ తెరిచి అసలు చిప్ తీసి అతని ముందు పెట్టింది. కళ్లు తుడుచుకోకుండానే భూతద్దం పట్టుకుంది. అతను పాత టంకం శుభ్రం చేసి, చిప్ అతికించి, స్పిరిట్‌తో తుడిచాడు. రెండు నిమిషాలు మిగిలుండగా బోర్డులు లారీ ఎక్కాయి.

అప్పుడు కిటికీ అద్దం పగిలింది. వదిన భూతద్దంతో సహా నేలకొరిగింది.

ఫోన్ మోగింది. "శభాష్!" అన్నాడు చీఫ్. "అంతా విన్నాం. మనవాడి గురి తప్పలేదు. ముఠా గేటు దగ్గర చిక్కింది."

"ఆమె పిస్టల్ కింద పెట్టేసింది సార్."

"రిపోర్టులో అది రాయకు."

"అంత్యక్రియలకు రెండు రోజులు సెలవు కావాలి."

"నిక్షేపంగా తీసుకో," అన్నాడు చీఫ్. "మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, అంతే."