విల్మర్ పేరు

ఆదివారం ఉదయం ఎలియేసెర్ పెనం మీద అరెపాలనే మొక్కజొన్న రొట్టెలు కాలుస్తుంటే, కూతురు మిలేనా వంటింటి బల్ల నిండా పాత ఫొటోలు పరిచింది. మగ్దలేనా నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఒకప్పుడు సొంత టీవీ ఛానెల్ ఉండేది. చేపల ధరలూ వరద హెచ్చరికలూ పిల్లల పాటలూ అన్నీ అందులోనే వచ్చేవి. అది ఆగిపోయి ఇరవై రెండేళ్ళు. ఊరి గ్రంథాలయం కోసం మిలేనా ఇప్పుడు దాని చరిత్ర రాస్తోంది. ఆ ఛానెల్‌కి కెమెరా పట్టింది ఆమె తండ్రే.

"చివరి పేజీ ఒక్కటే మిగిలింది నాన్నా. ఎందుకు మూసేశారు?"

"యంత్రాలు పాడైపోయాయి."

"అందరూ అదే అంటున్నారు. అందుకే ఒతీలియా గారిని రమ్మన్నాను. పది గంటలకి వస్తారు."

అట్లకాడ అతని చేతిలోంచి జారిపడింది. ఒతీలియా వాళ్ళ అన్నయ్య విల్మర్ ఆ ఛానెల్‌లో వార్తలు చదివేవాడు. ఛానెల్ ఆగిపోయిన రోజునుంచీ అతను ఎవరికీ కనిపించలేదు.

ఎలియేసెర్ వెళ్ళి వీధి తలుపు గడియ వేశాడు. కిటికీ రెక్కలు మూశాడు.

"నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు. రావద్దను."

"అప్పట్లో ఊరిని వణికించిన ఆ తుపాకులవాళ్ళు ఎప్పుడో పోయారు కదా నాన్నా."

"పోయారని నీకెవరు చెప్పారు?"

"చర్చిలో ఒతీలియా గారు కనిపిస్తే నన్ను పక్క గుమ్మంలోంచి లాక్కుపోయేవాడివి. నీ భయం వాళ్ళంటే కాదు. ఆవిడంటే. ఎందుకు?"

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"వంతెన దగ్గర వాళ్ళు బస్సు ఆపి మనుషుల్ని దింపడం నేను తీశాను. వద్దురా అన్నాడు విల్మర్. నేనే వినలేదు, ప్రసారం చేయించాను. మర్నాడు పొద్దున్నే వాళ్ళలో నలుగురు స్టూడియోకి వచ్చారు. తీసిందెవడని అడిగారు. పిల్లల పాటల కోసమని ఆ రోజు నిన్ను కూడా తీసుకెళ్ళాను. నాలుగేళ్ళదానివి. నా మెడ పట్టుకుని ఉన్నావు." అతను తల తిప్పుకున్నాడు. "విల్మర్ అని చెప్పాను."

"ఆయన కాదనలేదా?"

"నీవైపు చూశాడు. అవును, నేనే అన్నాడు. నదివైపు తీసుకుపోయారు."

పెనం మీద అరెపాలు మాడుతున్నా మిలేనా కదల్లేదు. తన ఒంట్లోని ప్రాణం ఇంకొకరు ఇచ్చి పోయినదని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

తలుపు చప్పుడైంది.

మిలేనా లేవబోయింది. అతను ఆపాడు. తనే వెళ్ళి గడియ తీశాడు. లోపలికి రమ్మనకుండానే, గుమ్మంలోనే, మొత్తం చెప్పేశాడు.

ఒతీలియా గోడ పట్టుకుని నిలబడింది. అతని మొహంలోకి చూసి అంది: "నిన్ను క్షమించానని అనలేను, అన్నా. కానీ పద. మా అమ్మకి నువ్వే చెప్పాలి."

"భయంగా ఉందమ్మా."

"నాకూ భయంగానే ఉంది. పద."

మిలేనా పొయ్యి ఆర్పి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ రెండు వీధులు నడిచారు.

విల్మర్ తల్లికి ఎనభై ఆరేళ్ళు. చూపు ఆనదు. ఎలియేసెర్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుస్తూ, ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాడు. ఆమె కొడతుందనుకున్నాడు. ఆమె చెయ్యి వెతుక్కుంటూ మిలేనా మొహం మీదికి వెళ్ళింది. నుదురూ చెంపలూ నెమ్మదిగా తడిమింది.

"ఈ పిల్లేనా?"

"ఈ పిల్లేనమ్మా."



"ఇన్నేళ్ళూ వాడు నన్ను వదిలేసి పారిపోయాడనుకున్నాను," అంటూ ముసలామె మిలేనాని గుండెకి హత్తుకుని భోరుమంది.