విరగని దువ్వెన

విరిగిన దువ్వెన కాగితంలో చుట్టుకుని ఎవరైనా వస్తే, బదులు ఇంకోటి చేతిలో పెట్టి పంపేయడం రత్నరాజుకు అలవాటే. ఆ రోజూ అదే చేయబోయాడు.

"ఇంకోటి వద్దండీ. ఇది ఎందుకు విరిగిందో చెప్పండి, చాలు," అంది రూతు.

బందరు కోనేరు సెంటరు వెనక రేకుల షెడ్డులో అతను చేతి మిషను మీద దువ్వెనలు పోస్తాడు. బొంబాయి ప్లాస్టిక్ గింజలు కరిగించి అచ్చులోకి నొక్కితే గాజులా మెరిసే దువ్వెన వస్తుంది. ఆ మెరుపంటే అతనికి ప్రాణం.

"గట్టిగా దువ్వి ఉంటారు."

"మా అక్క పెళ్ళిరోజు పొద్దున, జడ వేస్తుంటే విరిగిందండీ. మా నాయనమ్మ అపశకునమని మంచం దిగలేదు. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేస్తేగానీ కదల్లేదు. ఇది చేసినవాడి మొహం చూడనన్నారు మా నాన్నగారు."

"చూడొద్దనే చెప్పండి," అన్నాడు పుల్ల విరిచినట్టు.

ఆమెకు కోపం రాలేదు సరికదా, నవ్వింది. "మిమ్మల్నీ మీ దువ్వెననీ ఒకే అచ్చులో పోసినట్టున్నారండీ. ఇద్దరూ వంగరు."

ఆమె వెళ్ళాక చూసుకుంటే అతని కోపం కూడా ఆమె వెంటే వెళ్ళిపోయింది.

రూతు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. శనివారం వానలో సగం తడిసి మళ్ళీ వచ్చింది. పై దేశాల్లో ఈ ప్లాస్టిక్‌లో కాస్త రబ్బరు కలుపుతారని లైబ్రరీ పత్రికలో చదివిందట. ఎలా కలపాలో మాత్రం అందులో రాయలేదు.

రత్నరాజు ఆగుతాడా? పాత సైకిలు ట్యూబు సన్నగా తరిగి గింజల్లో కలిపేశాడు. నల్లమచ్చల దువ్వెన వచ్చింది. వంచితే సరిగ్గా మచ్చ దగ్గరే పుటుక్కుమంది.

"మచ్చ దగ్గరే ఎందుకు?" అంటూ రూతు ముక్కను వెలుగులో పెట్టి చూసింది. ఆమె 'ఎందుకు' అంటుంటే రోజంతా వినాలనిపించింది అతనికి. "ట్యూబు గంధకంతో ఉడికించిన రబ్బరు కదండీ, కలవలేదు. ఊరికే పక్కన కూర్చుంది. పచ్చి రబ్బరు కావాలి, కంటికి కనపడనంత మెత్తగా కలిసిపోవాలి."

తర్వాత గొంతు తగ్గించి, "రేపు కాక పై ఆదివారం గుడివాడ నుంచి నన్ను చూసుకోవడానికి వస్తున్నారు," అంది.

రత్నరాజు మిషను పిడి వదిలేశాడు. "మీ నాన్నగారు నా మొహం చూడరు కదండీ," అన్నాడు.

"దువ్వెన చూస్తారు," అంది రూతు.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి బెజవాడ టైర్ల షాపులో పచ్చి రబ్బరు షీటు కొనుక్కొచ్చాడు. మరి అంత మెత్తగా కలిపేదెలా? బందరువాడికి ఆ జవాబు చిలకలపూడిలో దొరుకుతుంది. రోల్డుగోల్డు నగలు చేసే వెంకటాద్రి మావయ్య దగ్గర రేకు సాగదీసే జంట రోలర్లున్నాయి.

"నా రోలర్లకు జిడ్డు పట్టిస్తావట్రా?" అని గొణిగాడు వెంకటాద్రి. వెనకే నిలబడ్డ రూతును చూసి, రోలర్లు వేడెక్కడానికి కుంపటి రాజేశాడు.

వేడెక్కిన రోలర్ల మధ్య ప్లాస్టిక్కూ రబ్బరూ మడిచి మడిచి తిప్పారు. మధ్యాహ్నానికి మీగడ రంగు రేకు వచ్చింది. దాన్ని ముక్కలు చేసి, కరిగించి దువ్వెన పోస్తే మెరుపు లేదు, అవతలి వైపు కనపడలేదు. రత్నరాజుకు నిజంగానే బాధేసింది.

"వంచండి," అంది రూతు.

వంచాడు. వంపు దగ్గర తెల్లగా గీత పడింది. విరగలేదు.

"ఈ తెలుపేమిటండీ?" అన్నాడు.

"సన్నటి పగుళ్ళనుకుంటాను, వేలకొద్దీ. ఒక్కటే అయితే ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేది. అడుగడుగునా రబ్బరు అడ్డుపడి ఎక్కడిదక్కడ ఆపేసింది." ఆమె కళ్ళు దువ్వెన మీద, అతని కళ్ళు ఆమె మీద ఉండిపోయాయి.

గుడివాడవాళ్ళు రావడానికి ముందురోజు సాయంత్రం రత్నరాజు రూతు ఇంటికి వెళ్ళాడు. ఆమె నాన్నగారు, స్కూలు మేస్టారు సీమోను గారు తల వంచుకునే దువ్వెన అందుకుని రెండు చేతులా వంచారు.

"తెల్లబడింది."

"తెల్లబడిందండీ. విరగలేదు."

"నువ్వు ఒక్క మాట పడవని విన్నాను. మా పిల్లకి నోరు ఎక్కువ."

పది రోజుల క్రితమైతే చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడే.

"పడతానండీ," అన్నాడు. "ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను. ఆవిడంటే నాకు ఇష్టమండీ."

సీమోను గారు అప్పుడు తలెత్తి అతని మొహం చూశారు. తలుపు వెనక రూతు గాజులు కదలడం మానేశాయి.

"గుడివాడవాళ్ళకు రావద్దని టెలిగ్రాం ఇచ్చొస్తాను," అని ఆయన లేచారు.

లోపల మంచం మీద నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఆ దువ్వెన ఇట్టా తే అబ్బాయ్. పిల్లకి జడెయ్యాలి."