నీలి దీపం వెలిగించిందెవరు?

ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ ఇంజనీరు తలుపు తీసేసరికి సర్వర్ రూమ్‌లో ఎవరూ లేరు. అయినా కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ మీది నీలి దీపం మిణుకుమిణుకుమంటోంది.

ఆ దీపం వెలగాలంటే దాని బటన్ నొక్కాలి, లేదా అతను రాసిన వెబ్ పేజీ నుంచి కమాండ్ పంపాలి. ఆ పేజీ వాడే అధికారం ఆసుపత్రి మొత్తంలో అతనొక్కడికే ఉంది.

"వెలిగించింది నేనే," అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి. నెట్‌వర్క్ భద్రత పరీక్షించడానికి ఆసుపత్రి పిలిపించిన టెస్టర్.

"పాస్‌వర్డ్ ఎవరిచ్చారండీ?"

"పాస్‌వర్డెందుకు? స్విచ్ పనిచేస్తోందో లేదో చూసే ఇంకో పేజీ అందరికీ తెరిచే పెట్టారుగా! స్విచ్ అడ్రస్ అడిగే గడిలో అడ్రస్ వేసి, ఓ సెమికోలన్ పెట్టి, వెనకాల నా కమాండ్ తగిలించాను. మీ సర్వర్ అదీ తనకిచ్చిన ఆజ్ఞే అనుకుని మారుమాటాడకుండా చేసిపెట్టింది. పాపం, ఎంత మంచిదో!"

అతని ముఖం మాడిపోయింది.

"సాయంత్రానికల్లా సరిచేస్తా. రిపోర్టులో మాత్రం రాయకండి. మా బాస్ ఉద్యోగం పీకేస్తాడు."

"ఇదే సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడుంది?"

"వేరే ఆసుపత్రుల్లో కూడా..." అతని గొంతు తగ్గింది.

ఆమె నవ్వు మాయమైంది. "దీపం బదులు స్విచ్చే ఆపేసే కమాండ్ ఎవరైనా పెడితే? గుండె వార్డు మానిటర్లన్నీ దీని మీదే ఉన్నాయి. కిటికీ పక్క మంచం మా నాన్నది."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. ఆమె ఎదుటే బాస్‌కి కలిపాడు.

"సార్, తప్పు నాది. ఆ పేజీ అన్నిచోట్లా ఇప్పుడే మూసేస్తున్నా. ఆసుపత్రులకి మనమే చెప్పేద్దాం."

అవతలి తిట్లు, చివర్న 'ఈ వారంతో నీ ఉద్యోగం సరి' అన్న మాట ఆమెకూ వినిపించాయి.

ఆ వారమంతా ఇద్దరూ ఆ గదిలోనే. అతను సరిచేయడం, ఆమె మళ్ళీ కన్నం వేయడం.

"దొరికిపోయారు సార్!"

"మీరు మనిషా, చెదపురుగా?"

చివరికి ఆ గడి అడ్రస్ తప్ప మరేదీ మింగడం మానేసింది. ఆమె ఎంత గింజుకున్నా దీపం వెలగలేదు.

శుక్రవారం సాయంత్రం నాన్న మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో ఆఖరిసారి పేజీ తెరిచింది. దీపం వెలుగుతున్నట్టు చూపిస్తోంది! లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పరిగెత్తింది.

స్విచ్ పక్కన అతను నిలబడి ఉన్నాడు.

"ఎవరు దూరారు?"

"ఎవరూ దూరలేదు. మీరొస్తారని బటన్ నేనే నొక్కాను."

"పైప్రాణాలు పైనే పోయాయి! ఫోన్ చెయ్యొచ్చుగా?"

"నంబర్ నొక్కడం, కట్ చెయ్యడం... ధైర్యం చాల్లేదండీ. రేపట్నుంచి నాకీ ఉద్యోగం లేదు. ఈ గుమ్మం తొక్కనివ్వరు. ఈలోపే అడగాలి. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది."

ఆమె వేలు చాచి దీపం ఆర్పింది.

"మా నాన్నని అడగండి. నిజం చెప్పి ఉద్యోగం వదులుకున్న ఆ అబ్బాయిని చూపించమని పొద్దుట్నుంచీ ప్రాణం తీస్తున్నారు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కాస్త మెల్లగా చెప్పండి. గుండె పేషెంటు."