ఆయుధపూజకు వేసిన బ్రేకులు

ఆదివారం పొద్దున ఆరు గంటలకే తిరువేంగడం కారు వెనక గొంతుక్కూర్చున్నాడు. అరవై రెండేళ్ల మనిషి, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకోవాల్సిన మనిషి, కాఫీ కూడా తాగకుండా జాకీ పట్టుకుని వాకిట్లో ఏం పని అని ఎవరైనా అడుగుతారు. ఎవరూ అడగకముందే పని ముగించేయాలని ఆయన తొందర. తొమ్మిది గంటలకు కారు కొనే మనిషి వస్తాడు. ఆ లోపల వెనక చక్రాలకున్న బ్రేకులు ఊడదీసి, అటక మీద గోనెసంచిలో ఉన్న పాత బ్రేకులు మళ్లీ బిగించాలి. ఎందుకు బిగించాలో మాత్రం నోరు తెరిచి చెప్పకూడదు. ఆ ఒక్క సంగతి దాచడానికే ఏడాదిగా ఈ మనిషి నానా అవస్థా పడుతున్నాడు.

"నైనా, కాఫీ," అంటూ కూతురు రంజని గడప లోపలే నిలబడింది. కారు నిలిపిన వాకిట్లో ఆ పిల్ల ఒక్క క్షణం కూడా నిలవదు. పురసవాక్కంలో టీచరుద్యోగం. పోయిన ఏడాది దాకా ఈ కారు తనే నడుపుకుంటూ పోయేది. ఇప్పుడు రెండు బస్సులు మారి, చెమటలు కక్కుకుంటూ పోతుంది. ఇరవై ఆరేళ్లకే నలభై ఏళ్ల ముఖం వచ్చేసింది పాపం.

"ఆడ పెట్టు మ్మా, వస్తా," అన్నాడు తిరువేంగడం, తల తిప్పకుండానే. కూతురి ముఖం చూసి మాట్లాడటం ఆయన మానేసి కూడా ఏడాదయింది.

కారు పాతది, డెబ్బై రెండో సంవత్సరం మోడలు. అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటులో ముప్ఫై ఏళ్లు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైన తిరువేంగడానికి అదంటే ప్రాణం. ప్రతి ఆయుధపూజకూ ఏదో ఒక కొత్త భాగం తన చేత్తోనే బిగించి, దానికి గంధం కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఒక ఏడు డైనమో, ఒక ఏడు వైపరు మోటారు. "నాకూ ఏడాదికొక నగ చేయించకూడదా? అన్నీ మీ చిన్న పెళ్లానికేనా?" అని భార్య వరదలక్ష్మి నవ్వేది. పోయిన ఏడాది పూజకు పుదుప్పేట పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి, అదే కారు కొత్త మోడలుకు వచ్చే పెద్ద డ్రమ్ములు, వెడల్పాటి బ్రేకు షూలు, పెద్ద సిలిండర్లు తెచ్చి వెనక చక్రాలకు బిగించాడు. చుట్టాలందరి ముందూ బానెట్టు తట్టి మరీ చెప్పాడు, "ఎంత వానన్నా రానీండి, ఇంక నా బండి అనుకున్న చోట నిలబడతాది" అని.

నిలబడలేదు. పూజ అయిన వారానికే, ఎస్టేటు రోడ్డులో తుంపర పడుతుంటే బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలకు ఇంకా పాత బ్రేకులే, వెనకవేమో కొత్తవి, బలమైనవి. వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి బండి వెనక భాగం పక్కకు జారింది. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. అంత అనుభవం ఉన్న ఫోర్‌మన్‌కు అర్థం కాదా! కొత్త మోడలులో వెనక చక్రాలకు పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వు ఒకటి ఉంటుంది. అది లేకుండా ఒట్టి బ్రేకులు వేశాడు. పుదుప్పేటలో అడిగితే రెండు వారాల్లో తెప్పిస్తామన్నారు. ఆ రెండు వారాలూ బండి తీయొద్దని ఇంట్లో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెబితే, అంతమంది ముందు గొప్పలు పోయిన నోటితోనే తప్పు చేశానని ఒప్పుకోవాలి. అందుకని చెప్పలేదు. ఆ శనివారం ముసురులో రంజని తల్లిని ఎక్కించుకుని ఎన్నూరులో పెద్దమ్మ ఇంటికి బయలుదేరితే, గేటు తెరిచింది కూడా ఈయనే. "మెల్లిగా పో మ్మా" అన్నాడు. అంతకు మించి నోరు పెగల్లేదు.

ఎన్నూరు రోడ్డులో ముందు పోతున్న లారీ ఆగింది. రంజని బ్రేకు తొక్కింది. బండి గిర్రున తిరిగి, తల్లి కూర్చున్న వైపు పోయి లారీకి కొట్టుకుంది. ఆసుపత్రికి చేరేలోపే వరదలక్ష్మి ప్రాణం పోయింది. వరండాలో ఆమె అక్క కమలాంబ గుండెలు బాదుకుంటూ, "ఎట్ట జరిగింది తిరువేంగడం?" అని అడిగింది. అప్పుడు ఈయన అన్న మాట ఇది: "పాప భయపడి బ్రేకు గట్టిగా తొక్కేసినట్టుంది వదినా."

అంతే. ఆ మాట చుట్టాలందరి ఇళ్లకూ పోయింది.

"ఏంది నైనా ఇది?" కొడుకు గిరి పళ్లు తోముకుంటూ వచ్చి జాకీ మీద లేచి ఉన్న బండిని చూసి అదిరిపడ్డాడు. "తొమ్మిదికి శేషాద్రి సార్ వస్తారు కదా! ఇప్పుడు చక్రాలు ఊడదీస్తా ఉండావే?"

"చిన్న పని రా. పాత బ్రేకులు ఏస్తే సరిపోతాది."

"పాతవి ఎందుకు? ఈ కొత్త బ్రేకులు ఉండాయనే కదా ఆయన ఒప్పుకున్నింది! నేనే చెప్పినా, మా నైన కొత్త మోడల్ బ్రేకులు ఏసినాడు సార్ అని."

"నా బండి, నా ఇష్టం. పో రా లోపలికి."

"నీ ఇష్టం సరే, రంజీ సంగతేంది?" గిరి గొంతు తగ్గించాడు. "బుధవారం అమ్మ సంవత్సరీకం. ఆ లోపల ఈ బండి వాకిట్లోంచి పోవాల. పాప దీన్ని చూసినప్పుడంతా ఎట్ట అయిపోతుందో నీకు కనపడదా? రిపేరు చేయించి నేను అమ్ముతా ఉండేది దాని కోసమే నైనా."

తిరువేంగడానికి కనపడక కాదు. ఆయన మళ్లీ స్పానర్ పట్టుకున్నాడు. ఏడాది వానలకు తుప్పు పట్టిన చక్రం నట్టు కదలనంది. ఒళ్లంతా బలం పెట్టి లాగితే చెయ్యి జారి వేళ్లు చెక్కుకుపోయాయి. గిరి ఇక ఊరుకోలేదు. తండ్రి చేతిలోంచి స్పానర్ లాక్కుని, బండిని కిందికి దించేశాడు.

శేషాద్రి చెప్పిన టైముకే వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి, పోస్టాఫీసులో ఉద్యోగం. కారు చుట్టూ తిరిగి, తలుపు తెరిచి, స్టీరింగు పట్టుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయి, తిరువేంగడం నాయుడి వైపు తిరిగాడు. "మా అమ్మకు నడవడం కుదరదండీ నాయుడుగారూ. వచ్చే శుక్రవారం ఆమెను, పిల్లల్ని వేసుకుని తిరుమల కొండకు పోదామని ఉంది. వానల్లో ఘాట్ రోడ్డు కదా, అందుకే బ్రేకుల గురించి అంతగా అడిగాను."

"బ్రేకులకేం సార్, కొత్త మోడల్‌వి," అన్నాడు గిరి.

తిరువేంగడం వెనక చక్రం వైపు చూశాడు. తడిసిన కొండ రోడ్డు, వెనక సీట్లో ఒక ముసలమ్మ, పిల్లలు. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో గుద్దుతున్నట్టుంది. రేపు చెబుదాం, ఫోను చేసి చెబుదాం అని ఇంకో పక్క. ఏడాది పాటు ఇట్లాగే కదా గడిపింది!

వచ్చిన మనిషికి ఇవ్వాలి కాబట్టి, కాఫీ గ్లాసులతో రంజని తప్పనిసరై వాకిట్లోకి వచ్చింది. శేషాద్రి గ్లాసు అందుకుంటూ మర్యాదకు పలకరించాడు. "ఈ అమ్మాయి కూడా బండి నడుపుతుందా?"

సంవత్సరీకం కోసమని ముందే వచ్చి అరుగు మీద కూర్చున్న కమలాంబ పెదవి విరిచింది. "నడపక ఏం? ఆ యమ్మ నడిపితేనే కదా మా చెల్లెలు పోయింది."

"పెద్దమ్మా!" అని గిరి అరిచాడు.

రంజని ట్రేను అరుగు మీద పెట్టింది. లోపలికి మాత్రం పోలేదు. శేషాద్రి వైపే చూస్తూ చెప్పింది. "అవును సార్, నేనే నడిపినా. మీరు భయపడి బండి వదులుకోవద్దు. బండిలో ఏ తప్పూ లేదు. నాకే బ్రేకు తొక్కడం చేతకాలేదు."

ఆ మాట తిరువేంగడం గుండెలో దిగింది. తను ఆసుపత్రిలో అన్న మాటే అది. కన్నకూతురు దాన్నే బట్టీ పట్టి, పరాయి మనిషి ముందు అప్పజెబుతోంది.

"లేదు," అన్నాడు. మళ్లీ గట్టిగా అన్నాడు. "లేదు సార్! బండిలోనే తప్పుంది. ఆ తప్పు చేసింది నేను."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు కాబట్టి తిరువేంగడం ఆపకుండా చెప్పుకుపోయాడు. ముందు పాతవి ఉంచి వెనక మాత్రం కొత్త మోడలు బ్రేకులు వేయడం, వాల్వు లేకపోవడం, ఎస్టేటు రోడ్డులో బండి జారడం, తెలిసి కూడా గేటు తెరవడం, అన్నీ చెప్పాడు. "తడి రోడ్డులో ఎవరు తొక్కినా ఆ బండి తిరుగుతాది. దేవుడే నడిపినా తిరుగుతాది. నా బిడ్డ తప్పేమీ లేదు. ఆ రోజు అబద్ధం చెప్పింది నేను వదినా, నేను!"

కమలాంబ లేచి వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. "పాపిష్టోడా! ఏడాదిగా ఈ బిడ్డను నేను తిట్టని తిట్టు లేదే! దాని చేతి నీళ్లు కూడా ముట్టలేదే నేను! నోరు మూసుకోని చూస్తా ఉండావే, నువ్వు తండ్రివేనా?" అని ఊపేసింది. అక్కడే కూలబడి, "నా చెల్లీ, నా చెల్లీ" అని ఏడ్చింది.

శేషాద్రి గ్లాసు అరుగు మీద పెట్టి, "నేను వస్తానండీ. చెప్పారు, అంతే చాలు," అని తల వంచుకుని వెళ్లిపోయాడు. గిరి మాత్రం తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నాతోనన్నా చెప్పి ఉండొచ్చు కదా నైనా?" అన్నాడు. చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు.

రంజని అక్కడ లేదు. తిరువేంగడం ఇల్లంతా వెతికితే పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆయన కాస్త దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి పోయే హక్కు తనకుందో లేదో తెలియలేదు.

"కొట్టు మ్మా నన్ను," అన్నాడు. "తిట్టు. ఏమన్నా అను."

"నేను మెల్లిగానే తొక్కినా నైనా," అంది రంజని నేల చూపులు చూస్తూ. "ఆ రోజు నేను భయపడలా. లారీ చాలా దూరంలో ఉండింది. మెల్లిగా తొక్కితేనే బండి తిరిగింది. తిరిగేటప్పుడే నాకు తెలిసిపోయింది, అది నా కాలి తప్పు కాదని."

తిరువేంగడం ఒక అడుగు ముందుకేశాడు. "నీకు తెలుసా? తెలిసి కూడా, ఇన్నాళ్లూ తప్పు నాదే అంటా వచ్చినావా?"

"నువ్వే చెప్తావని చూసినా. ఆసుపత్రిలో అనినావు సరే, షాకులో ఉండావు అనుకున్నా. పదకొండో రోజు చెప్తావనుకున్నా. పెద్దమ్మ నన్ను పట్టుకోని తిట్టినప్పుడన్నా చెప్తావనుకున్నా. దినమూ కాఫీ తెచ్చి నీ ముందర నిలబడినా నైనా. నువ్వు తలెత్తి కూడా చూడలా."

"మరి నువ్వన్నా చెప్పి ఉండొచ్చు కదా మ్మా! నన్ను ఎందుకు కాపాడినావు?"

రంజని అప్పుడు తలెత్తింది. కళ్లు నిండిపోయి ఉన్నాయి. "చెప్తే అన్న నీ ముఖం చూస్తాడా? పెద్దమ్మ నిన్ను ఈ ఇంట్లో ఉండనిస్తుందా? అమ్మ ఎట్టాగూ పోయింది. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా నైనా?"

పెళ్లాం చితికి నిప్పంటించిన నాడు కూడా బిగబట్టుకున్న మనిషి, ఇక నిలబడలేకపోయాడు. కూతురి పక్కన చతికిలబడి, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తను దాచుకున్నది ఒక తప్పు. ఈ పిల్ల దాచుకున్నది తండ్రిని. ఆ తేడా తెలుసుకోవడానికి ఆయనకు ఏడాది పట్టింది.

రంజని ఆయన్ను ఓదార్చలేదు. క్షమించానని అనలేదు. అనగలిగే రోజు ఎప్పుడొస్తుందో ఆ పిల్లకే తెలియదు. చెయ్యి మాత్రం చాపి, చెక్కుకుపోయిన ఆయన వేళ్లను తన ఒళ్లోకి తీసుకుంది. అమ్మ పోయినప్పటి నుంచీ లోపల ఆగిపోయిన ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని వరదలక్ష్మి కోసం ఏడ్చారు. పోయిన ఏడాదే కలిసి ఏడవాల్సిన ఏడుపు అది.